సవరణ

నీళ్ళ వార్త వేసిన వారం
ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

మొదటి పేజీ, పై సగం.
మునిసిపాలిటీ బోరులో ఆర్సెనిక్ ఎంత ఉంది,
ఎంతకి మించకూడదు,
ఎన్ని రెట్లు మించింది.
ఆ ఒక్క అంకె కోసం నాలుగు నెలలు తిరిగాను.
మూడు సీసాల నీళ్ళు ఒళ్ళో పెట్టుకుని
రెసిస్తెన్సియా బస్సులో రాత్రంతా మేలుకున్నాను,
జ్వరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టు.

మా ఊరి పేరు పోసో అమార్గో.
అంటే చేదు బావి.
పేరు పెట్టిన వాళ్ళకి ప్రయోగశాల అవసరం పడలేదు.

మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది.
ఆపైన మోగుతూనే ఉంది. మొత్తం పదిహేడు.
ఆరో పేజీలో, టైర్ల కొట్టు ప్రకటన కింద,
జునిల్దా పేరు జులిందా అని పడిందట.
న, ల చోట్లు మార్చుకున్నాయి.
"పోయిన మనిషి పేరైనా సరిగ్గా వెయ్యలేవా, నెలిదా?"
రొట్టెల బట్టీ అతను అడిగాడు.
పోస్టాఫీసులో స్టాంపులు అంటించే ఆవిడ అడిగింది.
మా అమ్మ, నాకింకా తెలియనట్టు, రెండుసార్లు అడిగింది.

ఎవరి మీదికి తొయ్యను?
రాసేదీ, దిద్దేదీ,
అచ్చాఫీసులో సిరా ఆరేదాకా కాపలా కాసేదీ నేనే.
శుక్రవారం మోపెడ్ మీద పంచేదీ,
చందా బాకీ అడగడానికి వెళ్ళి
కోళ్ళ ధర మాట్లాడి తిరిగొచ్చేదీ నేనే.
టైర్ల ప్రకటన ఇంక రాదు.
కొట్టతను మేయరుకి బావమరిది.
నీళ్ళ వార్త ఊళ్ళో చదివింది
అతనొక్కడే అనుకుంటాను.

కొన్ని తప్పులకి అచ్చులో క్షమాపణ చాలదు.
ఊరి చివర, పత్తి గోదాముల వెనక,
ఎవారిస్తో ఇంటికి వెళ్ళాను.
చెట్టు నీడలో రెండు కుర్చీలున్నాయి.
ఒకదాంట్లో ఆయన. రెండోదాంట్లో
మడిచిన శాలువా. దాన్ని తీసి నన్ను కూర్చోమన్నాడు.

పేపరు ముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు.
పెన్సిల్‌తో న పైన ల, ల పైన న
ఆయనే దిద్దుకున్నాడు.
"ఆమెకైతే నవ్వొచ్చేది," అన్నాడు.
"ఓటర్ల జాబితాలో ముప్పై ఏళ్ళు హునిల్దా.
నువ్వు నయం."

మాట్లాడుతూనే లేచి
కెటిల్ కొళాయి కింద పెట్టాడు.
నీళ్ళు ఎంత తేటగా పడుతున్నాయో చూశాను.
రంగు ఉండదు, వాసన ఉండదు, కాచినా పోదు.
మూడో పేరాలో రాసింది నేనే.

మాతే అంటే ఒకే బుర్ర, ఒకే గొట్టం.
ముందు ఆయన పీల్చాడు, తర్వాత నింపి
నా వైపు చాపాడు.
వద్దంటే ఆ శాలువాని వద్దన్నట్టే.

అప్పుడు చూశాను ఆ అరచెయ్యి.
జొన్నగింజలు చల్లినట్టు బొడిపెలు,
వేళ్ళ మొదళ్ళ దగ్గర దట్టంగా.
రిపోర్టులో డాక్టరు చెప్పినవి,
బొమ్మ వెయ్యడానికి చోటు లేక
నేను తీసేసినవి.

ఆరో పేజీలో ఏం రాశాను?
చాలాకాలం జబ్బుపడి.
రెండే మాటలు. ఏం జబ్బని అడగలేదు.
పేజీ మూసే వేళ అయింది,
ఆడిగితే బాధపడతారనుకున్నాను,
నిజానికి ఆ మాటలు చేతికి అలవాటు,
ఎవరు పోయినా అవే వస్తాయి.
మొదటి పేజీకీ ఆరో పేజీకీ మధ్య
నాలుగు పేజీలు నేనే పెట్టాను.

తాగాను. ఒక్క బుర్ర.
వేడికి నాలుక కాలింది, అంతే.

నోట్‌బుక్కు సంచీలోనే ఉంది. బయటికి తియ్యలేదు.
"జునిల్దా చేతులు కూడా," అన్నాను,
"ఇలాగే ఉండేవా?"

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు,
ఎవరివో తన ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టు.
పొయ్యి మీద కెటిల్
మళ్ళీ సన్నగా కూయడం మొదలుపెట్టింది.
ఇద్దరం లేవలేదు.