పచ్చ రంగు

హంటర్ రోడ్డులో మా అటవీ ఆఫీసు.
ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ అడగరు.
సోమవారం మీటింగుకి దేశాల పటం తీస్తున్నాను.
ఎవరెంత నేలను ముట్టకుండా ఉంచారో
రంగుతో చెప్పాలి.

భూటాన్ తన రాజ్యాంగంలోనే రాసుకుంది
నూటికి అరవై పాళ్ళు అడవి ఉండాల్సిందేనని.
దానికి ముదురు పచ్చ.
ఒక దేశం మనిషి బతకని మంచునంతా లెక్కలో కలిపింది.
ఒకటి కరెంటు కంచె వేసింది,
మరొకటి కంచె పీకేసి
తాళాలు ఊళ్ళోవాళ్ళకే ఇచ్చింది.
ఇంకో దానికి గెజిట్లో తప్ప ఎక్కడా చెట్టు లేదు.
అన్నిటికీ నా దగ్గరున్నది ఒకటే పచ్చ,
కాస్త ముదురు, కాస్త లేత.
మన దేశం దగ్గరికొచ్చేసరికి
ప్రింటర్లో రంగు పలచబడింది.
తప్పు ప్రింటరుదే అనుకోవాలనిపించింది.

అప్పుడొచ్చాడు పాయం ముత్తయ్య,
తాడ్వాయి బేస్‌క్యాంపు వాచరు,
నాలుగు నెలల జీతం దరఖాస్తు పట్టుకుని.
చెప్పులు గుమ్మం బయటే విడిచి
పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గిండ్ల మా గూడెం ఏడ సారూ?"
చూపించాను.
వేలి కింద జిల్లా జిల్లాయే పోయింది.
"పచ్చగనే ఉన్నదా?"
ఉందన్నాను.
"నా పోడు చెల్క గూడ పచ్చలనే వడ్డదా?"

ఆ చెలక నాకు తెలుసు.
నడిమధ్యన మా హద్దురాయి,
దాని మీద సున్నం కొట్టేది కూడా అతనే.
రాయికి ఇటు నిలబడితే కాపలాదారు,
అటు నిలబడితే ఆక్రమణదారు.
కిందటేడు అడవిదున్నలు అతని జొన్న మేసిపోతే
గిట్టల కొలతలు రాసి తెచ్చాడు,
నష్టం రాయలేదు.

జీతం మాట మరిచాడో, మానుకున్నాడో,
వేరే సంగతెత్తాడు.
"కొత్తలు చెయ్యందే మేం మామిడికాయ ముట్టం సారూ.
చిక్కుడు తెంపం.
కిందవడ్డా, పొల్లగాడు ఏడ్చినా సరే.
మరి గది ఎంత వడతది, నూటికి?"

పట్టికలో గడులన్నీ వెతికాను.
విస్తీర్ణం ఉంది, హోదా ఉంది,
నోటిఫికేషన్ తేదీ ఉంది.
ఆకలేసీ ఆగిన రోజులకు
గడి లేదు.

అతను వెళ్ళాక కొత్త కాట్రిడ్జి పెట్టాను.
ఈసారి మనం బాగానే పచ్చగా వచ్చాం.

బల్ల మీద అతని దరఖాస్తు.
మూలన ఇప్పనూనె వేలి మరక.
కిటికీకి ఎత్తి పట్టుకుంటే
కాగితం ఆ ఒక్కచోటే
అవతలున్నది చూపిస్తోంది.