రెండో మాట

ఔలులో నవంబరు. మూడున్నరకే దీపాలు వేశారు.
గడ్డకట్టబోతున్న నది మీద వంతెన దాటి
బడిపిల్లలు సైకిళ్ళ మీద ఇళ్ళకు పోతున్నారు.
నాలుగో అంతస్తు నుంచి నాకు
వాళ్ళ లైట్లే కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు.

నేను సైమీని.
రక్తంలో కాపలావాళ్ళను లెక్కపెట్టడం నా కొలువు.
టి-కణం అంటారు దాన్ని.
వెంట్రుక మందంలో పదో వంతు,
అనుమానం మాత్రం ఊరంత.

దాని ముందుకు ఇంకో కణం అరచెయ్యి చాపుతుంది.
చేతిగీతలో ఇమిడేంత ముక్క,
ఏ ప్రోటీన్ మెడలోంచో తెగిపడ్డ
తొమ్మిది పూసల దండ.
మేం పెప్టైడ్ అనేది దాన్నే.
మనదా, పరాయిదా?
టి-కణం తడిమి చూస్తుంది.
నచ్చకపోతే కదిలిపోతుంది
సంతలో బేరం కుదరని మనిషిలా,
ఇంకో అరచేతికి, మరో అరచేతికి.

ఎక్కడో తగులుతుంది.
లోపల కాల్షియం లేస్తుంది.
రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే
పచ్చగా వెలగడం చూడొచ్చు,
పెడల్ మీద కాలు పడగానే
సైకిల్ లైటు వెలిగినట్టు.

అంతమాత్రాన యుద్ధం రాదు.
ఈ పనిలో నాకు నచ్చింది అదే.
ఒంటి చేతికి చప్పట్లు రావని
కణాలకు ఎవరు చెప్పారో!
ముక్కను చూపించిన కణమే
రెండో చెయ్యీ కలపాలి.
"అవును, ప్రమాదమే" అని రెండో మాట అనాలి.
అంటేనే ఇంటర్‌ల్యూకిన్ ఊరుతుంది,
ఒకటి రెండు, రెండు నాలుగు,
వారం తిరిగేసరికి దండు.

అనకపోతే
మొదటి మాట విన్నది ఆ గుమ్మంలోనే మొద్దుబారుతుంది.
ఆ తర్వాత ఎంత పిలిచినా పలకదు.

మా ఫ్రిజ్‌లో సీసాలన్నీ ఆ మౌనం కోసమే.
వాటిలో ఇన్సులిన్ ముక్క ఉంటుంది,
రెండో మాట ఉండదు.
ఎలకల్లో పనిచేసింది.
మనుషుల్లో, చూడాలి.
ఆ "చూడాలి"ని పదకొండేళ్ళుగా అంటున్నాను.

ఇంకో అణువు కూడా ఉంది.
కలవబోతున్న ఆ రెండో చేతిని
మధ్యలో దూరి తనే పట్టేసుకుంటుంది,
తగవులో పెద్దమనిషిలా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
ఆ పెద్దమనిషి రాలేదు.
జులై. సరస్సు ఒడ్డున ఐరి అత్త కర్ర ఇల్లు.
దాహం. జగ్గు ఖాళీ చేశాను, కెటిల్ ఖాళీ చేశాను,
ఆవిరిగదిలో రాళ్ళ మీద చల్లడానికి ఉంచిన
బకెట్టెత్తి తాగాను.
బర్చాకు వగరు ఇంకా నాలుక మీద ఉంది.
కంచే చేను మేసింది.
మా అమ్మ మాత్రం చాక్లెట్లను తిట్టింది.

ఇవాళ నా బల్ల మీద ఒక కాగితం.
ఉర్హో, ఆరేళ్ళు.
నెత్తుట్లో రెండు రకాల యాంటీబాడీలు.
ఒక్క నమూనా చూసి ఇంటికి ఫోన్ చేయకూడదు, నియమం.
మళ్ళీ గుచ్చాలి,
రెండోదీ అదే మాట చెప్పాలి.
ఈ నియమం రాసినవాళ్ళు
కణం దగ్గర చదువుకున్నారేమో.

రెండో సీసా మధ్యాహ్నం వచ్చింది.
యంత్రం తిరుగుతోంది.
పోయినసారి వాళ్ళమ్మ హిల్కా
పిల్లాడికి చేతితొడుగులు వేస్తూ, నావైపు చూడకుండా అడిగింది:
"వాటికి నచ్చజెప్పేవాళ్ళు ఎవరూ లేరా?"
ప్రయత్నిస్తున్నాం అన్నాను.
నా చొక్కా కింద పంపు ఉందని చెప్పలేదు.

ఇప్పుడది రెండుసార్లు కూసింది.
చక్కెర పడిపోతోంది.
సొరుగులోంచి జ్యూస్ డబ్బా తీసి
నిలబడే తాగుతున్నాను.

యంత్రం ఆగింది.
కాగితం బయటికి వస్తోంది, తలకిందులుగా.
కింద వంతెన మధ్యలో
ఒక లైటు ఆగి ఉంది, చాలాసేపటి నుంచి.
గొలుసు ఊడిందేమో.
దాటిపోయిన ఇంకో లైటు
వెనక్కి తిరిగి
దాని పక్కకు వచ్చి ఆగింది.