వెనక రాసిన చిల్లర

అయిదు రాత్రులకి డబ్బు కట్టి
రెండు రాత్రులుండి వెళ్లిపోయారు తవిటినాయుడు వాళ్లు.
గిన్నెలు తోమి బోర్లించారు,
దుప్పట్లు నేనుకూడా మడవనంత చక్కగా మడిచారు.
పార్వతీపురం నుంచి కృష్ణని చూడ్డానికొచ్చినవాళ్లు
భవానీ ద్వీపం పడవ టికెట్లు
టీవీ పక్కనే వదిలేశారు, రేపటి తారీఖుతో.

ఎందుకని నేనడగలేదు.
"ఎల్లొస్తాం ఎస్తేరమ్మా" అని
తాళంచెవి చేతిలో పెట్టాడాయన.
ఆవిడ మొహం తిప్పుకుంది.
పాప మాత్రం గాలి తీయని ఈతట్యూబు
నడుముకి తగిలించుకునే ఆటో ఎక్కింది.

మిగతా డబ్బు మాట ఎత్తలేదు.

ఎత్తేవాళ్లతో నాకు బాధ లేదు.
పోయిన వేసవిలో ఒకాయన దోమలున్నాయని
అర్ధరాత్రి కృష్ణలంక అంతా లేపి
మూడ్రోజుల డబ్బు కక్కమన్నాడు.
గోడమీద కాగితం చూపించాను,
మా చెల్లెలి కొడుకు ప్రింటు తీసి అంటించింది:
"కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు."
దోమలకి నేను జీతమివ్వట్లేదన్నాను.
ఒక్క చుక్క ఇచ్చి పోయాడు. పోనీ.

ఇరవై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టర్ని.
గుంటూరుకి టికెట్టు తీసుకుని
మంగళగిరిలో దిగిపోతే ఎవరేం చేస్తారు?
సీటు గుంటూరు దాకా ఖాళీగా వస్తుంది,
డీజిలు మాత్రం మనిషున్నట్టే కాలుతుంది.
టికెట్టు టికెట్టే.

చిల్లర వేరు.
చేతిలో లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చేదాన్ని,
డెబ్భై, నలభై, పన్నెండు,
చుట్టూ ఒక సున్నా చుట్టి.
దిగే తొందర్లో మరిచిపోయేవాళ్లు.
కొందరు బస్సు వెనక పరిగెత్తేవాళ్లు,
బెల్లు కొట్టి ఆపించేదాన్ని.
పరిగెత్తనివాళ్లదే
డిపోలో లెక్క అప్పజెప్పాక
సంచి అడుగున మిగిలేది.
హార్లిక్స్ సీసాలో వేసేదాన్ని,
ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని.
ఒకసారి దాంతోనే పిల్లాడికి బూట్లు కొన్నాను.
వారం తిరక్కుండా కరిచాయి.

మరి తవిటినాయుడిది టికెట్టా, చిల్లరా?

పెళ్లిపత్రిక వెనక లెక్క రాశాను.
రాత్రికి పద్దెనిమిది వందల చొప్పున మూడు రాత్రులు,
అయిదు వేల నాలుగొందలు.
గోడమీద పాప పెన్సిలుతో గీసిన గీతలకి
రంగు ఖర్చు మూడొందలు తీసెయ్యాలని
రాశాను, కొట్టేశాను.
ఆ సాయంత్రమే బ్యాంకు పరీక్ష రాసే కుర్రాడొకడు
బస్టాండు నుంచి నడిచే వచ్చాడు.
రెండు రాత్రులకి అదే గది.
అదే మంచం, అదే రాత్రి,
ఇద్దరి డబ్బూ నా దగ్గరే.
ఒక సీటుకి రెండు టికెట్లు కొడితే
చెకింగు వాళ్లేమంటారో నాకు తెలుసు.

మూడు వేల ఆరొందలు ఫోన్‌పేలో పంపి
వాట్సాప్‌లో రాశాను:
"దిగేటప్పుడు చిల్లర మరిచిపోయారు."
నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు.

మిగిలిన రాత్రికి ఎవరూ రాలేదు.
ఆ పద్దెనిమిది వందలు నేను పంపలేదు.
అది టికెట్టు, ఎవరొచ్చి చెప్పినా ఒప్పుకోను.
కానీ డబ్బు కట్టిన రాత్రి ఉత్తినే పోతోందనిపించి
పైకెక్కి నేనే పడుకున్నాను.
ఆ గది కట్టి తొమ్మిదేళ్లు,
ఆ మంచంమీద నడుం వాల్చింది అదే మొదలు.

కిటికీలో రైలు వంతెన.
గూడ్సు ఒకటి ఏటి మీద
ఎంతకీ అయిపోకుండా పోతోంది.
పక్కన గోడమీద, పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో,
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డం,
నాలుగు నిలువు, ఒక అడ్డం,
చివరి కట్టలో మూడే.
రైళ్లు లెక్కపెట్టింది.

చీకట్లో మంచం సందులో తడిమాను.
పెన్సిలు అక్కడే ఉంది.