చివర ఒక కామా

‘అదర్ థింగ్స్ ఆర్ ఈక్వల్’
అని రాసుకొచ్చాడు మైలపల్లి ఎల్లాజీ.
‘ఆర్’ కొట్టేసి ‘బీయింగ్’ అని దిద్దాను ఎర్రసిరాతో,
చివర ఒక కామా.

“తక్కినవన్నీ ఉన్నట్టే ఉంటే, అని.
ఇది వాక్యం కాదురా, వాక్యానికి గుమ్మం.”

జాలారిపేట ట్యూషన్ గది.
వాడి చొక్కాకి ఐసునీళ్ల వాసన.
“తెల్లారగట్ల హార్బర్లో
వంజరం రేటు పడిపోనాది మేష్టారూ.
డీజిలు పెరిగింది. ఐసు దిమ్మ దొరకలేదు.
మాయమ్మ తట్ట దింపకముందే గాలి తిరిగిపోనాది.
ఇందులో ఉన్నట్టే ఉన్నదేటండి?”

పరీక్షలో అది అడగరన్నాను.

మళ్లీ రాశాడు పెదాలు కదుపుతూ,
‘బీయింగ్’ దగ్గర స్పెల్లింగు తడుముకుని.
కామా మాత్రం
గాలం ముల్లంత వంకరగా,
గీత కిందికి దిగేలా
కాస్త పెద్దదే పెట్టాడు.