గాజుల బండి

పొద్దుగాల ములుగు రోడ్డు మీద
యాకూబ్ గాలి మిషను ఇంకా దగ్గుతనే ఉంటది.
"ఎటు?" అంటడు, పైపు చేతిల పట్టుకొని.
ఎటో చెప్పకుంటే గాలి కొట్టడు.

పరకాల దాంక తారు. ఎనుక చక్రానికి ముప్పైనాలుగు.
భూపాలపల్లి దాటినంక బొగ్గు లారీలు తొక్కిన తొవ్వ,
ఆడ నాలుగు తగ్గించుకోమంటడు:
"టైరు రాయిని జర మింగాలె, తన్నొద్దు."

ఎనుక ఆరు పెట్టెలు, అన్నీ గాజులే.
పచ్చయి, ఎర్రయి, చంటిపిల్లల సైజులు.
షాకబ్జర్లను నాలుగో గాటుకు తిప్పి
తన బరువంత ఏసి సీటును ఒక్కసారి అదిమి
పెట్టెకు చెవి ఆనించి ఇంటడు.

పోయేటప్పుడు ఒక్కటి గూడ పల్గలే.
కాటారం అంగట్ల నాలుగు పెట్టెలు ఒడిసినయ్.
ఈల ఏసుకుంట మర్లిన.
అప్పుడు మొదలైంది ఎనుక చప్పుడు.
బరువు దిగిన బండి
తలుగు తెంపుకున్న లేగ లెక్క
గుంత గుంతకూ ఎగురుతుంటే
మిగిలినయి ఒకదాన్నొకటి కొట్టుకున్నయ్.

ఇంటికాడ లెక్కవెట్టిన.
రెండు డజన్ల మీద మూడు.

యాకూబ్ నవ్వలే.
"లేని బరువుకు బిగించిన స్ప్రింగు గది,
ఉన్నదాన్ని ఇరగ్గొడతది" అని
తన పాత పానా తీసి నా సీటు కింద పెట్టిండు.

గిప్పుడు ఊరూరికి ఆగుత.
సరుకు తగ్గిన కొద్దీ ఒక్కో గాటు ఒదులు జేస్త.
చేతులు నల్లగయితయ్.
మొన్న మహాముత్తారంల
గా చేతులతోనే గాజులు తొడగబోతే
ఓ ముసలామె మణికట్టు ఎనకకు గుంజుకున్నది:
"ముందుగాల కడుక్కోరాదు బిడ్డా,
గ్రీజుకు గూడ పైసలు తీసుకుంటవా?"

బోరింగు కాడికి పోయిన.
నీళ్ళు కొట్టుకుంట ఎనకకు మర్రి సూస్తే
చక్రంల గాలి
జర తక్కువే ఉన్నట్టున్నది.