ఇరవై మూడో తువ్వాలు

మే నెల. కాలువలు కట్టేశారు.
లాకుల కింద బురద నెర్రెలిచ్చింది,
గేదెలు కూడా మోకాలిలోతు కోసం వెతుక్కుంటున్నాయి.
అందుకే పిల్లల ఈత
గోదారి పాయ పక్కన మా రిసార్టుకొచ్చింది.
మనిషికి రెండొందలు. తువ్వాలు ఉచితం.

తువ్వాళ్ళు నావి.
ఉతికి, ఆరేసి, మడతేసి, ఇచ్చి, తీసుకుని
పొద్దుటా సాయంత్రం లెక్క రాసేది నేను, పల్లాలు.
నీళ్ళు నావి కావు.
నీళ్ళకి బోర్డుంది: లోతు 5 అడుగులు.
రంగు వెలిసి ఆ అంకె మూడులా కనబడుతుంది.

ఆవేళ చించినాడ వంతెన దాటి
రెండు కార్లు, ఒక వ్యాను.
రొయ్యల మేత డీలరు గారి మనవడి పుట్టినరోజు.
గట్టు మీద గొడుగుల కింద పెద్దాళ్ళు,
వేపుడు పళ్ళాలు, ఫోన్లు.
అందరూ చూస్తున్నారు కదాని
ఎవరూ చూడ్డం లేదు.

కాపలా కుర్రోడు నాగేంద్ర
ఉన్నాడండి, లేడనను.
ఐసు తెమ్మన్నారు, వెళ్ళాడు.
గాలి ట్యూబు కూడా ఉంది గోడకి,
ఎవరూ ఎత్తుకుపోకుండా
తీగతో మూడు చుట్లు చుట్టి.

కేకు కొయ్యడానికి పిల్లల్ని పిలిచారు.
తడి పాదాలు టపటపా వచ్చాయి.
ఇరవై రెండు తువ్వాళ్ళు భుజాలెక్కాయి.
ఒకటి బల్ల మీదే ఉంది,
మడత నలగకుండా.

"మనోళ్ళందరూ వచ్చేశారుగా" అన్నారెవరో.
నిజమే. వాళ్ళోళ్ళందరూ వచ్చేశారు.

మా ఇంట్లో ఒకసారి కంచం మిగిలింది.
ఆరుగురం పిల్లలం. ఐదు నింపి
ఆరోది చేత్తో పట్టుకుని అమ్మ
"అబ్బులేడే?" అంది.
లాకుల దగ్గర చూశామని ఎవరో అప్పుడే చెప్పారు,
ఎవరం వినలేదు.
నాన్నది రేవులో పడవ.
ఎక్కినవాళ్ళని లెక్కపెట్టి ఎక్కించి
లెక్కపెట్టి దించేవాడు.

మునిగేవాళ్ళు అరుస్తారంటారు. అబద్ధం.
ఊపిరికే చాలని గొంతులో
అరుపెక్కడ పడుతుంది?
నీళ్ళలో నిలువుగా నిలబడి
కనబడని నిచ్చెన ఎక్కుతున్నట్టుంటారు.
ఆడుకుంటున్నాడనుకుంటాం.
తర్వాత నిచ్చెన కూడా ఉండదు.

నీలం పలకలు. నీలం నీళ్ళు.
వ్యాను డ్రైవరు ఏసుపాదం కొడుకు జోయెల్, ఆరేళ్ళు,
డీలరు గారి మనవడి పాత లాగు వేసుకున్నాడు.
అదీ నీలమే.
నాకు కనబడినవి అరికాళ్ళు,
పచ్చి కొబ్బరి చెక్కల్లా రెండు, అడుగున.

చీరతోనే దూకాను.

తల్లకిందులుగా తిప్పమన్నాడొకాయన.
పొట్ట నొక్కమంది ఒకావిడ.
సబ్‌సెంటర్ నర్సమ్మ బొమ్మ మీద నేర్పింది
నా చేతులకి గుర్తుంది.
గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ముందు ఊపిరి.
తర్వాత గుండె మీద ముప్పై.
మళ్ళీ ఊపిరి.
నోట్లో క్లోరిన్ వాసన, మామిడి తాండ్ర వాసన.
ఎన్నిసార్లో తెలీదు,
లెక్కలు రాసే దాన్నే, ఆ ఒక్క లెక్కా తప్పిపోయింది.

దగ్గాడు.
నీళ్ళు, నురగ, సగం ఏడుపు.
ఏసుపాదం చేతులకి స్టీరింగు అందలేదు,
వ్యాను ఇంకెవరో తోలారు పాలకొల్లుకి.
వాడు దగ్గుతూనే ఉన్నాడు, ఇరవై మూడో దాంట్లో చుట్టుకుని.

సాయంత్రం మేనేజరు పుస్తకం తిప్పాడు.
"ఒకటి తక్కువుంది పల్లాలూ.
నూట ఎనభై, జీతంలో కోస్తాం."
ఆయ్, రాసుకోండి అన్నాను.

చీకటి పడుతోంది.
కొలను మోటారు ఆపేశారు, నీళ్ళు కదలడం లేదు.
గోడ దగ్గర నాగేంద్ర
పటకారు పెట్టి తీగ విప్పుతున్నాడు.
రెండు చుట్లు వచ్చాయి.
మూడోది తుప్పు పట్టి
ట్యూబుని కరుచుకుపోయింది.
దీపం పట్టుకో అన్నాడు.
పట్టుకున్నాను.