ఒక దీపం తక్కువ

భూపాలపల్లిల మా బొగ్గుబాయి మీద
ల్యాంపు రూము కిటికీ చిన్నది,
ఒక్క చెయ్యి పట్టేంత.
ఆ చెయ్యి రాహేలక్కది.

ఇత్తడి బిళ్ళ ఇస్తే దీపం ఇస్తది.
దీపం తెచ్చిస్తే బిళ్ళ ఇస్తది.
బండ కూలి మొగడు పోయినంక
కంపెనీ ఇచ్చిన నౌకరి ఇది:
ఆయన దిగిన చీకట్లకే
రోజూ నూటెనభై మందిని
వెలుగు కట్టి తోలుడు.

ఎట్ల చేస్తవక్కా, అనడిగిన ఓసారి.
అద్దం తుడుసుకుంటనే అన్నది:
"చీకటిని నేనేం జేస్త కొడుకా,
ఛార్జింగు చూసుకుంట."

ఆదివారం డ్యూటీ పడితే
రేకుల మందిరంల డోలకు మోగే యాళ్లకు
ఆమె ఈడ నంబర్లు చదువుకుంట ఉంటది, పెదాలల్లనే.
లెక్కనో ప్రార్థననో
ఎన్నడు అడగలే.

నా నంబరు రెండొందల పదిహేడు.

ఆ శ్రావణంల
బిడ్డ రోగానికి తెచ్చిన అప్పు
బిడ్డ పోయినంక గూడ బతికే ఉన్నది.
హన్మకొండ దవాఖాన బిల్లులు
చొక్కా జేబుల చెమటకు మెత్తవడ్డయ్.
అయ్యగారొచ్చి, దేవుని చిత్తం నాయనా, అన్నడు.
చాయ తాగకముందే తలుపు చూపిచ్చిన.
షారోను పండుకున్న చాప చుట్టి
అటక మీద పెట్టిన.
మందిరం దిక్కు మళ్లి చూడలే.

ఒకనాడు మొదటి షిఫ్టు అయిపోయి
అందరు పైకి పోతుంటే
నేను పాత గ్యాలరీ దిక్కు మళ్లిన.
కట్టెదుంగ మీద కూసున్న.
దీపం బందు చేసిన.

బాయిల చీకటి రాత్రి అసుంటిది గాదు.
రాత్రికి ఒక అంచుంటది, యాడనో కుక్క మొరుగుతది.
ఇది కన్ను తెరిచినా మూసినా ఒక్కటే.
చెయ్యి ముఖం ముంగటికి తెచ్చుకున్న.
చెయ్యి లేదు.
ముఖం గూడ ఉన్నదో లేదో.
ఈడనే ఉండిపోతె బాగుండు అనుకున్న.
అనుకున్న. దాసుడెందుకు.

దేవుడేం మాట్లాడలే.
రెక్కల సప్పుడేం రాలే.
యాదికొచ్చింది ఏందంటే,
పైన మేకుకు నా బిళ్ళ ఏలాడుతుంటది.
దీపాలన్నీ ఎక్కినంక ఒక్క మేకుకు దీపం లేకపోతె
రాహేలక్క రెండోసారి లెక్కవెడతది.
సర్దారుకు ఫోను కొడతది.
నాలుగు గంటల బస్సు పోతుంటే చూసి
కొంగు నడుముకు చెక్కుకొని
మూడోసారి లెక్కవెడతది.
ఒకనాడు ఆమె గూడ నిలవడ్డది గదా
అదే కిటికీకి అవతలి దిక్కు,
ఇంకో నంబరు కోసం.

గంతే.
బటన్ తిప్పిన.
గోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు వడ్డది.
అది యాడికి పోతే ఆడికి పోయిన.

మోకాళ్లు వట్టుకొని మెట్లెక్కి పైకొచ్చేసరికి
పొద్దుగూకుతున్నది. ముసురు.
కిటికీ తెరిచే ఉన్నది.

"ఏడ సచ్చినవురా" అన్నది.
అన్నంక ఆ మాటకు ఆమెనే బెదిరింది.
దీపం అందుకున్నది, వైరు చుట్టింది,
నా అరచేతిల బిళ్ళ పెట్టి
పైకెల్లి తన గుప్పిట మూసింది.
ఇత్తడి వెచ్చగున్నది.
ఎంతసేపటి సంది పట్టుకున్నదో.

అప్పు ఇంక పందొమ్మిది కిస్తీలున్నది.
మందిరంల ఎనుక గోడకు ఆనుకొని కూసుంటున్న.
పాట నాకు గొంతుల్నే ఆగుతది.
అయ్యగారు కండ్లు మూసుకోమన్నప్పుడు మూసుకుంట.
ఆడ గూడ చీకటే.
కని ఆ చీకట్ల యాడనో ఒక కిటికీ మూయలేదని,
పొద్దువోయినా ఇంటికి పోని ఎవరో
నా షారోను బిళ్ళను
గుప్పిట్ల వెచ్చగ పట్టుకొని ఉన్నరని,
ఏమో,
నమ్మబుద్ధయితున్నది.